ఎర్ర గీత ఎలుకలు

తొట్టిలో ఎలుక ఈదుతోంది. గోడ వెంబడే తిరుగుతోంది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. మధ్యకు మాత్రం రాదు. నీళ్ల కింద ఒక పక్కన అరచేయంత గాజు దిమ్మె ఉంది. దాని మీదికెక్కితే ప్రాణానికి సుఖం, ఈదే పని ఉండదు. నీళ్లలో పాలపొడి కలిపారు కాబట్టి దిమ్మె పైకి కనబడదు, గుర్తుపెట్టుకోవాల్సిందే. మొన్న ఎక్కింది, నిన్న ఎక్కింది. ఇవాళ దానికి ఆ సంగతే తెలియదు.

"దీనికి యాది లేదు మేడం," అంది సలోమి.

సుష్మిత చేతిలోని గడియారం ఆపింది. "అరవై సెకండ్లయినయ్. తియ్యి సలోమమ్మా."

సలోమి మోచేతి దాకా నీళ్లలో ముంచి ఎలుకను ఎత్తింది. పాత తువ్వాలలో చుట్టి ఒత్తింది. అది వణుకుతూ ఆమె బొటనవేలిని పట్టుకుంది. తోక మీద ఎర్ర గీత.

కామారెడ్డి బయట, హైవే పక్కన ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ అది. వెనకాల రేకుల షెడ్డులో ఎలుకలను పెంచుతారు. సలోమిది ఎల్లారెడ్డి. ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున బస్సెక్కి వచ్చి పంజరాలు కడుగుతుంది, మేత పెడుతుంది, పంజరాల్లో కింద పరిచే పొట్టు మారుస్తుంది, చచ్చినవాటిని ఏరుతుంది. సుష్మితది కామారెడ్డే. పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె తేల్చాల్సిన ప్రశ్న ఇదీ: ఆపరేషన్లప్పుడు పీల్పించే మత్తు గ్యాసు పసితనంలో తగిలితే, పెద్దయ్యాక జ్ఞాపకశక్తి దెబ్బతింటుందా? ఎలుక పిల్లలకు ఏడో రోజు రాగానే సగం పిల్లలకు గ్యాసు, సగం పిల్లలకు ఉత్త గాలి. గ్యాసు పీల్చినవాటికి తోక మీద ఎర్ర గీత, పీల్చనివాటికి నీలి గీత. పెద్దయ్యాక రెండు రకాలనూ తొట్టిలో వదులుతారు.

ఆ గీతలు గీసేది సలోమి. మూడు రోజులకోసారి గీత చెరిగిపోతుంది, మళ్లీ గీయాలి. అలా ఏడాదిన్నరగా నాలుగు కాన్పుల పిల్లలు ఆమె చేతుల మీదుగా పోయాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, గ్రాఫులు తెలియవు. కానీ నీలి గీతవి నాలుగో రోజుకల్లా సూటిగా దిమ్మె దగ్గరికి పోతాయనీ, ఎర్ర గీతవి గోడ పట్టుకుని తిరుగుతాయనీ ఆమెకు సుష్మిత కంప్యూటరు కంటే ముందే తెలుసు. చదువుకున్నవాళ్లు మూడేళ్లు కూర్చుని తేల్చేదాన్ని పొట్టు ఎత్తే ఆడది చూపుతో తేల్చింది. ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా అదేదో గొప్ప అనుకోలేదు.

ఆమెకు తెలియనిది ఒకటే.

గ్యాసు గదిలోకి ఆమెకు ప్రవేశం లేదు. ట్రైనింగు సర్టిఫికెట్ ఉన్నవాళ్లే పోవాలని రూలు. గోడకు జరిపే కిటికీ ఒకటుంది. పొద్దున తొమ్మిదిన్నరకు పిల్లల ట్రేను ఆ కిటికీలోంచి అందించాలి. సాయంత్రం నాలుగింటికి అదే కిటికీలోంచి తీసుకోవాలి. వరసగా మూడు రోజులు ఇలాగే. మధ్యలో లోపల ఏం జరుగుతుందో ఆమె తన లెక్కన ఊహించుకుంది. దవాఖానకు పోతే పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చోబెడతారు, డాక్టరు చూసేది మాత్రం రెండు నిమిషాలు. ఇదీ అంతే అనుకుంది. ఇరవై పిల్లలు, ఒక్కో దానికి ఒక్కో వంతు, మూతి దగ్గర ఇంత గ్యాసు. మిగతాదంతా కాచుకోవడమే.

అది తప్పు. ఆ తప్పు ఎవరూ దిద్దలేదు. దిద్దడానికి ఆమెతో ఎవరైనా మాట్లాడితే కదా.

"మేడం," అంది సలోమి, ఎలుకను పంజరంలో వదులుతూ. "గిదే గ్యాసు మనుషులకు గూడ ఇస్తరా?"

సుష్మిత తొట్టి పైనున్న కెమెరా వైపు చూస్తోంది. "ఇదే సలోమమ్మా. చిన్నపిల్లలకైతే ఎక్కువ ఇదే ఇస్తరు. నెక్స్ట్ ది తీసుకురా."

*

రూతు సలోమి మనవరాలు. కొడుకు డేవిడ్ బిడ్డ. పది నెలల పిల్ల. ఏడిస్తే గజ్జల్లో నిమ్మకాయంత వాపు పైకి తేలేది. ఊరుకుంటే లోపలికి పోయేది. కామారెడ్డిలో ఒక నర్సింగ్ హోమ్ డాక్టరు నొక్కి చూసి, వాపును లోపలికి ఎలా తొయ్యాలో చూపించి, పేగు జారి కిందికి దిగుతోందనీ, నలభై నిమిషాల ఆపరేషన్ అనీ, తొందరగా చేయించకపోతే పేగు అక్కడే ఇరుక్కుంటుందనీ చెప్పాడు. బుధవారం రమ్మన్నాడు.

డేవిడ్ వరికోత మిషను మీద కర్ణాటకలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది సలోమి, ఆమె మొగుడు అబ్రాహాము, కోడలు కృపారాణి. కృపారాణి బీడీలు చేస్తుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చాట ముందు వేసుకుని కూర్చుంది. రూతు పక్కన తునికాకు ముక్కలు నోట్లో పెట్టుకోబోతే చేత్తో తోసేస్తోంది.

"కృపా, ఆపరేషన్ల ఏం మత్తిస్తరో అడిగినవా?"

"అడిగిన అత్తమ్మా. గ్యాసంట. ముక్కుకాడ పెడితే నిద్రపోతదంట. చిన్న పిల్లలకు గదే మంచిగంట."

సలోమి రూతును ఒళ్లోకి లాక్కుంది.

"ఏందత్తమ్మా?"

"ఏం లేదు. నువ్ చెయ్యి."

మంగళవారం ఆమె సుష్మితను అడగాలనే పోయింది. ఆ రోజు బయటి నుంచి ఎవరో పెద్ద సార్లు వచ్చారు, సుష్మిత వాళ్లకు తెర మీద బొమ్మలు చూపిస్తోంది. సలోమి తలుపు దగ్గర నిలబడింది. సుష్మిత చెయ్యి ఊపింది, తర్వాత అన్నట్టు. బస్సు టైం వరకు సలోమి ఆగింది. తర్వాత అనేది రాలేదు.

ఆ ఇంట్లోనే కాదు, ఆ వాడలోనే జ్వరం గోలీ దగ్గర్నుంచి దేనికైనా సలోమిని అడుగుతారు. మందుల కాలేజీలో పనిచేసేది ఆమే కదా. కడిగేది పంజరాలైనా సరే. ఆమె మాట మీద బతికినవాళ్లున్నారు. అందుకే బుధవారం పొద్దున నర్సింగ్ హోమ్‌లో ఆమె రూతును మంచం మీదినుంచి ఎత్తుకుని, పిల్లకు తొడిగిన పచ్చ గౌను విప్పి పక్కన పెట్టినప్పుడు, కృపారాణి నోరు తెరిచింది కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఎటు తీసుకపోతున్నవమ్మా? పేరు పిలుస్తరిప్పుడు," అంది నర్సు.

"ఆపరేషన్ వద్దు."

"ఎందుకొద్దు?"

"గ్యాసు పెడితే యాది పోతది. నేను చూసిన."

"ఏడ చూసినవ్?"

"మా కాలేజీల. ఎలుకలకు."

నర్సు నవ్వింది. చెడ్డది కాదు, నవ్వొచ్చింది, నవ్వింది. "ఎలుకలకూ మనుషులకూ ఏం సంబంధం అవ్వా?"

"సంబంధం లేకుంటే ఎలుకల మీదెందుకు చేస్తున్నరు మరి?"

నర్సు ఏం కాదు, ఏం కాదు అంటూ లోపలికి పోయి డాక్టర్ని పిలిచింది. ఆయన గ్లౌజుల చేతులతో తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏం కాదమ్మా, రోజూ చేస్తున్నం, భయపడకు," అన్నాడు. ఏం కాదు అనే మాట సలోమి పుట్టినప్పటినుంచీ వింటోంది. పంజరాలు కడిగే మందుతో చేతులు పొక్కినప్పుడూ ఏం కాదనే అన్నారు. ఎందుకు కాదో ఒక్క మాట చెప్పినవాడు లేడు. ఆ ఒక్క మాట ఆ పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే ఈ కథ లేదు.

బస్టాండులో కృపారాణి అంది, "అత్తమ్మా, డాక్టరు చెప్పిండు గదా."

"డాక్టరు చెప్పిండు. నేను చూసిన."

"మరి వాపు?"

"లోపటికి తోసుడు చూపిండు గదా. తోద్దాం. జర పెద్దగయినంక చేయిద్దాం. తలకాయ గట్టిపడ్డంక."

కృపారాణి రూతును చంకలో సర్దుకుంది. బస్సు లింగంపేట దాటింది. రూతు కిటికీ కమ్మిని నాకుతూ కూర్చుంది.

*

పద్దెనిమిది రోజులు బాగానే గడిచాయి. రూతు ఏడవకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాశారు. ఏడిస్తే అబ్రాహాము స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. వాపు తేలితే సలోమి చెయ్యి వెచ్చచేసుకుని, నెమ్మదిగా, ఎలుక పిల్లను పట్టుకున్నంత నెమ్మదిగా లోపలికి నొక్కేది. అది పోయేది. ప్రార్థనలో పాస్టరు రూతు పేరు చెప్పాడు.

పంతొమ్మిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నం తినే వేళకు వాపు తేలింది. సలోమి నొక్కింది. పోలేదు. మళ్లీ నొక్కింది. రాయిలా ఉంది. రూతు ఏడ్చిన ఏడుపు అంతకుముందు ఏడ్చినట్టు లేదు. పచ్చగా కక్కింది.

"కొంచెంసేపు చూద్దామా?" అన్నాడు అబ్రాహాము.

"చూసుడు లేదు," అంది కృపారాణి. అప్పటికే చెప్పులు వేసుకుంది.

ఆటోలో కామారెడ్డి పోయారు. అక్కడి డాక్టరు చూసి, ఇది ఇక్కడ కాదని ఉన్న పాటున అంబులెన్సు ఎక్కించి హైదరాబాదు పంపాడు. తిట్టలేదు. ఆయన తిడితే బాగుండేదని సలోమికి అనిపించింది.

హైదరాబాదులో పిల్లల దవాఖానలో పేగు నల్లబడిందని కోసి తీశారు. మూడు గంటలు పట్టింది. నాలుగో రోజు కుట్టు దగ్గర కారుతోందని మళ్లీ తీసుకుపోయారు. రెండున్నర గంటలు. తొమ్మిదో రోజు మళ్లీ. మూడున్నర గంటలు. బయట కారిడార్లో గోడ గడియారం కింద సలోమి నేల మీద కూర్చుంది. లోపల ముక్కు దగ్గర ఏం పెట్టి ఉంటారో ఆమెకు తెలుసు. నలభై నిమిషాలకు భయపడి ఎత్తుకొచ్చిన పిల్లకు తొమ్మిది గంటలు. ఆమె తన ముక్కు తాను మూసుకుని కూర్చున్నా ఆ గ్యాసు ఆగదు.

కృపారాణి ఎదురుగా గోడకానుకుని ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో అత్తను ఒక్క మాట కూడా అనలేదు. నీళ్ల సీసా కావాలంటే మామను అడిగింది.

రూతు బతికింది.

*

సలోమి నెల తర్వాత పనికి పోయింది. షెడ్డులో మరో కాన్పు పిల్లలు ఏడో రోజుకు వచ్చాయి. ట్రే కిటికీ దగ్గరికి తెచ్చింది కానీ అందించలేదు. చేతుల్లోనే పెట్టుకుని నిలబడింది.

లోపలినుంచి సుష్మిత, "ఇయ్యి సలోమమ్మా, టైమైతుంది," అంది.

"ఎంతసేపు పెడ్తరు మేడం గ్యాసు? ఒక్కో దానికి?"

"ఒక్కోదానికి కాదు, అన్నిటికీ ఒక్కసారే. డబ్బాలో పెడ్తం."

"ఎంతసేపు?"

"ఆరు గంటలు. మూడు రోజులు. నీకు తెల్సు గదా."

సలోమి ట్రేను నేల మీద పెట్టింది. నెమ్మదిగానే పెట్టింది, పిల్లలున్నాయి కదా. తర్వాత తనూ పక్కనే కూర్చుంది.

సుష్మిత బయటికొచ్చింది. సలోమి జరిగింది చెబుతుంటే విన్నది. మధ్యలో మాస్కు తీసేసింది. ఎక్కడా అడ్డు తగల్లేదు. అంతా అయ్యాక లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం. ఎనిమిదేళ్లలో మొదటిసారి అందులో ఉన్నది తెలుగులో చదివి వినిపించింది.

"ఏడు రోజుల ఎలుక పిల్లకు ఆరు గంటలు, వరసగా మూడు రోజులు. అది చిన్నది కాదు సలోమమ్మా, దాని ఆయుష్షుకు అది చాలా పెద్దది. ఎక్కువ ఇస్తే ఏమైతదో చూద్దామనే అంతిస్తం. మనుషుల పిల్లలకు ఒక్కసారి, గంటలోపు ఇస్తే ఏం తేడా రాలేదని పెద్ద పరీక్షలు చేసిండ్రు. ఏండ్ల తరబడి చూసిండ్రు ఆ పిల్లల్ని. రూతుకు ఏం గాకపోయేది."

"గిది నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే…" అని, సుష్మిత ఆగిపోయింది. "అడిగినవ్. తొట్టి కాడ అడిగినవ్. నేను సగం చెప్పిన."

"మంగళారం గూడ అడుగుదామనే వచ్చిన బిడ్డా. తలుపు కాడ నిలబడ్డ."

సుష్మిత కళ్లు తుడుచుకుంది. చదువుకున్నవాళ్ల ఏడుపు మీద సలోమికి కోపం లేదు, కానీ దాంతో ఆమెకు పని కూడా లేదు.

"అది పోనీ. ఇప్పుడు చెప్పు. మూడుసార్లు. అంతా కలిపి తొమ్మిది గంటలు. పది నెలల పిల్లకు. నీ పుస్తకంల గిసుంటిదానికి ఏమున్నది?"

సుష్మిత పుస్తకం మూసింది. "ఎక్కువసార్లు ఇచ్చిన పిల్లల గురించి గట్టిగ చెప్పేది ఎవరి దగ్గరా లేదు. కొందరు కొంచెం తేడా అంటరు. కొందరు, అది గ్యాసు వల్ల కాదు, ఆ జబ్బుల వల్ల, దవాఖానల పాలైనందుకు అంటరు. విడదీసి చెప్పుడు కష్టం. రూతు మంచిగనే ఉండొచ్చు. చాలామంది మంచిగనే ఉంటరు."

"ఉండొచ్చు," అంది సలోమి.

"అబద్ధం చెప్పమంటవా?"

"వద్దు. ఇదైనా ముందే చెప్తే అయిపోతుండె."

లేచి ట్రే అందుకుంది. పిల్లలు చల్లబడతాయని పైన గుడ్డ కప్పింది. "ఆ కిటికీ మీద తెలుగుల రాయి బిడ్డా. లోపట ఏం చేస్తున్నరు, ఎంతసేపు చేస్తున్నరు. మోసేటోళ్లకు తెల్వాలె."

సుష్మిత ఆ రోజే పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. వారానికి ఇన్‌చార్జి సారు వచ్చి, గోడల మీద కాగితాలు అంటించడం రూల్సులో లేదని పీకించాడు. సుష్మిత మళ్లీ అంటించింది. మళ్లీ పీకారు. ఆ తర్వాత ఎవరు గెలిచారో చూడటానికి సలోమి అక్కడ లేదు. ఇంట్లో ఆమెకు ఇంకో పని తగులుకుంది.

రూతును పరీక్షించడం.

చెంచాను చూపించి, గుడ్డ కింద దాచి, ఏదీ అని అడిగేది. రూతు గుడ్డ ఎత్తితే సలోమి ఊపిరి పీల్చుకునేది. ఎత్తకపోతే మళ్లీ దాచేది. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. పిల్ల విసిగి పక్కకు పాకితే వెనక్కి లాగి కూర్చోబెట్టేది. రోజంతా కళ్లు పిల్ల ముఖం మీదే. పని మానేసింది. అన్నం తినిపిస్తూ కూడా, నిన్న ఈ గిన్నెలోనే తిన్నావు, యాదికున్నదా అనేది. ఏడాది పిల్ల ఏం చెబుతుంది?

ఆ పరీక్షకు అర్థం లేదు. అది సలోమికే అందరికంటే బాగా తెలుసు. ఎర్ర గీతది మర్చిపోయిందని చెప్పాలంటే పక్కన నీలి గీతది ఉండాలి. అదే తల్లిది, అదే కాన్పుది, గ్యాసు పీల్చనిది. గ్యాసు పీల్చని రూతు ఈ భూమ్మీద లేదు. ఈ రూతు దేన్నయినా మర్చిపోతే ఎందుకు మర్చిపోయిందో ఎవరూ ఎప్పటికీ చెప్పలేరు. తెలిసీ ఆమె మానలేకపోయింది.

ఒక మధ్యాహ్నం కృపారాణి బీడీల చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. రూతు ముందున్న గుడ్డ తీసింది, దాని కింది చెంచా తీసింది.

"నా బిడ్డ ఎలుక గాదత్తమ్మా."

నెలలు గడిచాక అత్తతో ఆమె అన్న మొదటి మాట అదే. అబ్రాహాము ఏదో చెప్పబోతే, "నువ్వుండు మామా," అంది. సలోమి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు కృపారాణి రూతును తీసుకుని నాగిరెడ్డిపేటలో తల్లి ఇంటికి పోయింది. డేవిడ్ ఫోన్లో తల్లితో, "కొన్ని దినాలుండనియ్యి అవ్వా. ఆమె పానం బాగలేదు," అన్నాడు. ఎవరి పానమో సలోమి అడగలేదు.

కొన్ని దినాలు నాలుగు నెలలయ్యాయి.

*

సలోమి నాగిరెడ్డిపేట పోయింది. పోచారం చెరువు కింద వరి కోతలయ్యాయి, రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, బస్సు వాటిని తప్పించుకుంటూ పోయింది. ఇంటి ముందు రూతు నడుస్తోంది. నడుస్తోందని ఎవరూ చెప్పలేదు. ఒక కోడి వెనక పడి, చేతులు రెండూ పైకెత్తి, తూలుతూ నడుస్తోంది. కడుపు మీద గౌను పైకి పోయినప్పుడు అడ్డంగా కోత మచ్చ కనబడింది.

"రూతూ," అంది సలోమి.

పిల్ల ఆగి చూసింది. ముఖంలో ఏమీ లేదు. సలోమి చేతులు చాపి ఒక అడుగు వేసింది. పిల్ల పెదవి వంకర పోయింది. గట్టిగా ఏడుస్తూ వెనక్కి పరిగెత్తి, గడపలోకి వచ్చిన తల్లి కాళ్లను పట్టుకుంది.

సలోమి అక్కడే నిలబడింది. పుట్టినప్పటినుంచీ పది నెలలు ఆ పిల్ల ఆమె పక్కలోనే పడుకుంది. కృపారాణి పొద్దున్నే బీడీల చాట ముందు కూర్చుంటే, బస్సెక్కే ముందు స్నానం పోసింది, రాత్రి నిద్రపుచ్చింది ఆమే. అవన్నీ పోయాయి. తొమ్మిది గంటల గ్యాసు తీసుకుపోయిందో, నాలుగు నెలల ఎడబాటు తీసుకుపోయిందో ఆమెకు తెలియదు. ఏ పిల్లయినా నాలుగు నెలలు చూడకపోతే మర్చిపోతుంది. మర్చిపోవచ్చు.

"మర్చిపోయింది," అంది, ఎవరితోనో అన్నట్టు.

అత్త ఆ మాట ఎందుకన్నదో కృపారాణి అర్థం చేసుకుంది. ముఖంలో కోపం వచ్చింది కానీ నిలవలేదు. రూతును ఎత్తుకుని భుజం మీద తట్టింది.

"చిన్నపిల్లలు గంతే అత్తమ్మా. మొన్న నా తమ్ముని జూసి గూడ గిట్లనే ఏడ్చింది." పిల్ల గౌను కిందికి లాగింది. "ఏం అడగకు దాన్ని. ఏం చూపియ్యకు. ఊకె కూసో."

అరుగు మీద చాప వేసింది. సలోమి చాప అంచున కూర్చుంది. రూతు తల్లి భుజం మీదినుంచి ఒక కన్నుతో చూసింది, ముఖం తిప్పుకుంది, మళ్లీ చూసింది. సలోమి చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, చాపకుండా.

రోడ్డు మీద ఎల్లారెడ్డి బస్సు హారన్ కొట్టింది.

"బస్సొచ్చింది," అంది కృపారాణి.

"పోనీ," అంది సలోమి.